పులుసులో ఉప్పు ఎవరు వెయ్యాలి

1988 జూలైలో ఒక బుధవారంనాడు, రంగూను రేవు దగ్గరి పజుండౌంగ్‌లో వెంకటరత్నమ్మగారి హోటల్లో పులుసులో ఉప్పు మూడుసార్లు పడింది.

మొదట దాసు వేశాడు. ఆయన వంటవాడు గనక వేశాడు. తర్వాత బొగ్గుల కోసం పెరట్లోకి వెళ్ళాడు. అప్పుడు కన్నారావు వచ్చి చూశాడు. కన్నారావు వడ్డన మనిషి. ఉప్పు డబ్బా మూత తీసి ఉంది. మూత తీసి ఉందంటే ఎవరో వెయ్యబోయి మరిచిపోయి ఉంటారని ఆయన అర్థం చేసుకుని, తను వేసి, మూత పెట్టాడు. ఆ తర్వాత కూరలు తరిగే అమ్ములు వచ్చి చూసింది. ఉప్పు డబ్బాకి మూత పెట్టి ఉంది. మూత పెట్టి ఉందంటే ఇంకా ఎవరూ తియ్యలేదని ఆవిడ అర్థం చేసుకుంది.

ముగ్గురి శ్రద్ధతో తయారైన ఆ పులుసు మొదట నూకాలమ్మ పటం ముందుకి వెళ్ళింది. అమ్మవారు ఏమీ అనలేదు.

రెండో వడ్డన ఊ తాన్ మౌంగ్‌కి. ఆయన రేవులో గుమాస్తాగా చేసి రిటైరైన బర్మా పెద్దమనిషి, ఆ వీధిలోనే ఉండేవాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ తాగాడు. కూజా దగ్గరికి జరిపించుకుని తాగాడు. విస్తరి ఖాళీ చేసి, చాలా బాగుందని చెప్పి, తలవంచి వెళ్ళిపోయాడు. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోననే మొహమాటాన్ని అక్కడ అనాడే అంటారు. ఊ తాన్ మౌంగ్‌కి అది ఒంట్లో ఎముకలాగా ఉండేది.

మన బంగారయ్యకి అలాంటి ఎముక లేదు. రేవులో మూటలు మోసే మనిషి, ఆకలిమీద కూర్చున్నాడు.

"ఓలమ్మో! సముద్దరం ఒంపీసినారేటి ఇందులో! వెంకటరత్తమ్మా, మమ్మల్ని ఊరగాయెట్టీద్దామనేటి నీ ఉద్దేశం?"

వెంకటరత్నమ్మగారు మోకాలు పట్టుకుని కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చి, ముగ్గుర్నీ నిలబెట్టి అడిగారు. ముగ్గురూ ఒప్పుకున్నారు. దాచడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు.

"మీరే గదా అమ్మగోరూ సెప్పినారు," అన్నాడు కన్నారావు. "కనబడ్డ పని ఎవులికాళ్ళు సేసీమని. నన్నడగొద్దని."

అది నిజమే. సోమవారంనాడు ఆవిడే చెప్పారు. మేము ఆ హోటలు మేడమీద అద్దెకుండేవాళ్ళం. మాది చెక్క నేల. సందుల్లోంచి కింద అన్న ప్రతి మాటా మాకు వినబడేది, పొగ కూడా వచ్చేది.

మరి రుచి చూసుకోవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. ఆ హోటల్లో రుచి చూడకూడదు. వెంకటరత్నమ్మగారి అత్తగారి నాటి నుంచీ అది కట్టుబాటు. వండింది మొదట నూకాలమ్మకి పెట్టాలి, ఆ తర్వాతే మనిషి నాలిక తగలాలి. మామగారి తండ్రి విశాఖపట్నం వైపు నుంచి రంగూను రేవుకి కూలికి వచ్చినప్పుడు ఆ పటం కూడా వచ్చిందట. ఓడలో అందరికీ వాంతులయ్యాయిగానీ పటం మాత్రం చెక్కు చెదరలేదని చెప్పుకునేవారు. పటంలాగే కట్టుబాటు కూడా చెక్కు చెదరకుండా వచ్చింది. అందుచేత ఉప్పు నాలికతో కాదు, చేత్తో తెలియాలి. వెంకటరత్నమ్మగారు డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పిట మూసి, ఒకసారి అలా పైకీ కిందకీ ఆడించేవారు. బరువు చూసుకునేవారన్నమాట. రెండు గింజలు ఎక్కువనిపిస్తే వదిలేసేవారు. భర్త అచ్చయ్యగారు పోయినా, కొట్లన్నీ సర్కారువైపోయిన రోజుల్లో ఊరి నడిబొడ్డున పబేడాన్‌లో ఎంతమంది మనవాళ్ళు మూటలు కట్టుకుని ఓడెక్కేసినా, ఈ హోటలు మాత్రం నిలిచిందంటే ఆ గుప్పిట వల్లనే.

ఆ ఏడు తింజాన్ నీళ్ళపండగ వెళ్ళాక ఆ గుప్పిటకి తిమ్మిరి పట్టింది. కుడిచేతి వేళ్ళకి స్పర్శ తగ్గుతూ వచ్చింది. ఇది పెరగడమేగానీ తగ్గడం ఉండదని డాక్టరు చెప్పాడు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే అందరికీ తెలిసింది, పులుసు చెప్పింది. ఒకరోజు చప్పగా, ఒకరోజు కటిక ఉప్పగా ఉండేది. ఊ తాన్ మౌంగ్ బాగుందనేవాడు. పనివాళ్ళు తలలు వంచుకునేవారు.

పిల్లలు లేరు. ఆ చెయ్యి పోతే హోటలు పోతుంది. హోటలు పోతే ఆ ముగ్గురి కూడూ పోతుంది, రేవు నుంచి వచ్చే మనవాళ్ళకి మధ్యాహ్నం అన్నమూ పోతుంది. అందుకే ఎవరో ఒకర్ని తయారు చేసుకోవాలనే పట్టుదల ఆవిడకి పట్టింది. దానికి తోడు చెల్లెలి కొడుకు రాజమోహన్ ఒకడు. ఏదో ఆఫీసులో గుమాస్తా. దుకాణాలు నడిపేవాళ్ళకి శిక్షణ అని ఎక్కడో వారం రోజులు కూర్చోబెడితే కూర్చుని వచ్చాడు. వచ్చినప్పటినుంచీ అతని మాటల్లో బాధ్యత, నాయకత్వం అనే మాటలు ఆవాల్లా చిటపటలాడేవి.

"పెద్దమ్మా, నీ దగ్గిర పనోళ్ళున్నారు గానీ నీ తర్వాతోడు లేడు."

"నా తర్వాతోడు రాడానికి నానింకా ఎల్లలేదు గదరా."

"ఎల్లకముందే తయారు సెయ్యాల. ఆళ్ళ అబిప్రాయాలు అడగాల. నిర్ణయాలు ఆళ్ళకొదిలీయాల. నీ నోరు కొంచెం తగ్గించుకోవాల."

చివరి మాట శిక్షణలో చెప్పింది కాదని నా అనుమానం.

సరే, మూడు ఉప్పుల బుధవారం గడిచాక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, గిన్నెలు సర్దకముందే, వెంకటరత్నమ్మగారు సమావేశం పెట్టారు. ఆవిడ పీటమీద, మిగతా ముగ్గురూ నేలమీద. మేడమీద మేము చాపలమీద బోర్లా.

"అబిప్రాయాలు సెప్పండి," అన్నారు.

"ఏ అబిప్రాయం సెప్పమంతారు అమ్మగోరూ?" అన్నాడు దాసు.

"మీదేరా! మీకేటనిపిత్తే అది!"

"మీకేటనిపిత్తే మాకూ అదేనండి."

"కన్నారావూ, నువ్వు సెప్పు."

"సానా బాగుందండి."

"ఏటి బాగుంది?"

"అబిప్రాయమండి."

ఆవిడ ఊపిరి పీల్చుకున్న చప్పుడు మా చాపల దాకా వచ్చింది. "ఒలే అమ్ములూ, నువ్వయినా నోరిప్పవే."

అమ్ములు ముప్పైయేళ్ళ మనిషి. మొగుడు రేవులో పని. అయిదేళ్ళుగా ఆ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. ప్రతి పనికీ అందరికంటే ఎక్కువసార్లు అడిగేది తనే. కరివేపాకు వెయ్యనా, మూత తియ్యనా, తుమ్మనా అని కూడా అడుగుతుందని కన్నారావు వెక్కిరించేవాడు. అమ్ములు కాస్త ఆలోచించింది.

"అమ్మగోరూ, గిన్నెలు కడగడానికి ఎల్లనా?"

సమావేశం అంతటితో ముగిసింది.

తర్వాతివాడిగా ఆవిడ కన్నారావుని ఎంచుకున్నారు. మగవాడు, నోట్లో నాలుక ఉన్నవాడు, బనీను శుభ్రంగా ఉంచుకునేవాడు. అమ్ములు సంగతి ఎవరికీ తట్టనే లేదు. అమ్ములుకి కూడా తట్టలేదు. కన్నారావుని తన పీటమీద కూర్చోబెట్టి, తన తువ్వాలు భుజంమీద వేసి, "రేపట్నించి నువ్వే పెద్ద. నానెలగ సేత్తానో సూసి నేర్సుకో" అన్నారు ఆవిడ.

కన్నారావు చూసి నేర్చుకున్నాడు. వారం తిరిగేసరికి మా కాళ్ళ కింద ఇద్దరు వెంకటరత్నమ్మగార్లు వినబడడం మొదలైంది.

"అయి సేతులా, సీపుర్లా?" అని ఒక గొంతు అమ్ములుమీద లేచేది. అది కన్నారావుది. "ఓరి దాసూ, బొగ్గులు నీ బాబు పంపినాడేటి, అలగ తగలేత్తావు!" అదీ అతనిదే. తనకంటే పదిహేనేళ్ళు పెద్దవాడైన దాసుని నిన్నటిదాకా మావా అని పిలిచిన మనిషి. అంతకంటే వింత, అతనికి కుంటు కూడా వచ్చింది. ఆవిడకైతే మోకాలు నొప్పి. అతని మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. అయినా తువ్వాలు భుజాన పడగానే ఎడమకాలు ఈడ్చేవాడు. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పిట మూసి, పైకీ కిందకీ ఆడించేవాడు కూడా. ఏం తెలిసేదో ఏమో, మొహం మాత్రం అన్నీ తెలిసినట్టు పెట్టేవాడు. పులుసు యథాప్రకారం సముద్రమో చెరువో అయ్యేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ వాకిట్లో నిలబడి అతని తిట్లు విన్నారు. కాసేపు విని, "ఈడికి ఈ కూతలెవులు నేర్పినార్రా?" అన్నారు. దాసు నేలచూపులు చూశాడు. బంగారయ్య అన్నం తింటూ పొలమారి దగ్గాడు.

నిర్ణయాలు వదిలేయమని రాజమోహన్ చెప్పాడు గనక, ఒకరోజు బజారుకి కన్నారావునే పంపారు. నీకు మంచివనిపించినవి తెమ్మన్నారు. వానలో వంకాయలు పుచ్చిపోయి ఉన్నాయి. అతను నవనవలాడే సొరకాయలు తెచ్చాడు. నిజం చెప్పాలంటే అది చాలా తెలివైన పని.

"సొరకాయలెందుకురా?"

"వంకాయలు పుచ్చులండి. అందుకని—"

"నన్నడగొచ్చు గదా!"

"అడగొద్దన్నారు గదండి."

"ఇలాటియి అడగాల!"

"ఎలాటియండి?"

ఆ ప్రశ్నకి వెంకటరత్నమ్మగారి గొంతు పెరిగింది. మర్నాటినుంచి కన్నారావు పొయ్యి రాజెయ్యడానికి కూడా ఆవిణ్ణి అడిగి రాజేశాడు. తువ్వాలు తిరిగి ఆవిడ భుజంమీదికే వచ్చింది. కుంటు కూడా ఆవిడ దగ్గరికే చేరింది. "ఈళ్ళకి నేర్పడం నావల్ల గాదు. నాను సచ్చినాక ఎవుల్నడుగుతారో సూత్తాను" అని ఆవిడ నూకాలమ్మతో అన్నారు. చచ్చాక ఎలా చూస్తారని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆగస్టు ఎనిమిదిన సర్కారు దిగిపోవాలని ఊరంతా పనులు మానేసి రోడ్డెక్కింది. కుర్రాళ్ళు, రేవు కూలీలు, కాషాయం కట్టిన సన్యాసులు, ఆఫీసు మనుషులు మా వీధి చివర నుంచి గంటల తరబడి నడిచారు. రాజమోహన్ కూడా అందులో ఉన్నాడు. వెంకటరత్నమ్మగారు గుమ్మంలో మంచినీళ్ళ కుండ పెట్టించారు. ఆ తర్వాత కాల్పులు జరిగాయి. మూడు నాలుగు రోజులు ఎవరూ తలుపులు తియ్యలేదు. రాజమోహన్ తిరిగొచ్చాడుగానీ, రేవు నుంచి రోజూ వచ్చే మొహాల్లో కొన్ని మళ్ళీ రాలేదు. వాళ్ళ సంగతి ఎవరూ పైకి అడిగేవారు కాదు. నెలాఖరుకి సర్కారు అనేది ఎక్కడా కనబడకుండా పోయింది. ఎవరి వీధి వాళ్ళు వెదురు కంచె కట్టుకుని, ఎవరి గేటు వాళ్ళు కాసుకోవడం మొదలుపెట్టారు. పక్కవీధికి వెళ్ళడమంటే పరాయి దేశం వెళ్ళినట్టే ఉండేది.

ఆ రోజుల్లోనే పులుసు కుండ పగిలింది. ఆవిడ చేతిలోంచే జారింది. ఎర్రమట్టి కుండ, ఏళ్ళ తరబడి చింతపండు తాగి నల్లబడింది. అంచు పట్టుకున్నానని ఆవిడ అనుకున్నారు. వేళ్ళు పట్టుకోలేదు. ముగ్గురూ చూశారు.

"పాత కుండండి," అన్నాడు దాసు.

"అడుగు ముందే బీటలిచ్చేసిందండి," అన్నాడు కన్నారావు.

అమ్ములు చీపురు తెచ్చి, తుడవనా అని అడక్కుండానే తుడిచేసింది. ఆ సంగతి అప్పుడెవరూ గమనించలేదు.

కుండలంటే ట్వంటే. నది దాటి, కాలవమీద పడవలో వెళ్ళాలి. ఆ ఊరి పక్క వరిపొలాల్లో ఆవిడ తమ్ముడి ఇల్లు. కన్నారావు వెళ్ళి తెస్తానన్నాడు.

"కుండ వాయించి కొనాల. ఆ సప్పుడు మీకెవులికీ తెలీదు," అన్నారు ఆవిడ. పడవలు ఎప్పుడు ఆగుతాయో తెలియదని ఊ తాన్ మౌంగ్ మొహమాటంగా చెప్పి చూశాడు. ఆవిడ వినలేదు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి పనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పారు. "నానొచ్చినదాకా ఏటీ సెయ్యకండి. ఏదన్నా అయితే మీరే సూసుకోండి." ఈ రెండింట్లో దేన్ని పట్టుకోవాలో తెలియక ముగ్గురూ తలూపారు.

ఆవిడ కుండ కొన్న సాయంత్రమే పడవలు ఆగిపోయాయి. పడవలవాళ్ళు కూడా సమ్మెలో చేరారు. ఫోను లేదు, టపా లేదు, నదికి అవతల ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళు లేరు. ట్వంటేలో ఆవిడ గడిపిన రోజుల సంగతి తమ్ముడి భార్య గంగాభవాని తర్వాత ఎన్నోసార్లు చెప్పింది, ప్రతిసారీ ముక్కుమీద వేలేసుకుని.

మొదటిరోజు వెంకటరత్నమ్మగారు పొద్దున్నే లేచి మరదలి పొయ్యి దిక్కు మార్చేశారు. రెండోరోజు పప్పులో పసుపు ఎక్కువైందన్నారు. అప్పటికి పప్పు ఇంకా ఉడకలేదు. రోజంతా వాకిట్లో కూర్చుని కొత్త కుండని వేళ్ళతో వాయిస్తూ, "ఈ పాటికి దాసు ఉప్పేసుంటాడు. ఆడెనకే కన్నారావు ఏసుంటాడు. ఓలమ్మో, అమ్ములు కూడా ఏసుంటాది" అని తనలో తనే లెక్కపెట్టుకునేవారు.

"వదినా," అంది గంగాభవాని చివరికి, "ఇది నీ హోటలు గాదు. నాను నీ పనిమనిషిని గాదు. కూకో."

"కూకుంటే నా హోటలు మునిగిపోద్దే!"

"అంత మునిగిపోయేదయితే ఇన్నాళ్ళూ ఆళ్ళకేటి నేర్పినావు?"

ఆ మాటకి ఆవిడ రెండురోజులు మరదలితో మాట్లాడలేదట. గంగాభవాని జీవితంలో అవి మంచి రోజులు. ఆ తర్వాతిరోజు కొబ్బరికాయల నాటుపడవ ఒకటి రంగూను వెళ్తోందని తెలిసింది. మనిషికి చోటు లేదు, మాటకి ఉంది. ఆవిడ గట్టుమీద నిలబడి పడవవాడికి అరిచి చెప్పారు. "నానొచ్చినదాకా పొయ్యి ముట్టించొద్దని సెప్పు! తలుపుకి తాలమెయ్యమను! పేరు పోగొట్టుకునేకన్నా మూసుకోడమే నయం!"

ఇక్కడ మా కాళ్ళ కింద సంగతి.

ఆవిడ వెళ్ళిన మర్నాడు చిన్న కుండలో కాచిన పులుసులో ఉప్పు ఒక్కసారి కూడా పడలేదు. ముగ్గురూ మిగతా ఇద్దరికి వదిలేశారు. ఊ తాన్ మౌంగ్ తిని, ఉప్పు తగ్గించమని డాక్టరు కూడా చెప్తున్నాడని సంతోషించాడు. ఆ మర్నాడు కన్నారావు తలుపు మూసేద్దామన్నాడు. దాసు సరేనన్నాడు. అంతలో ఊ తాన్ మౌంగే మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆయన మా వీధి కంచెకి పెద్దగా వచ్చాడు. వెనకాల ఇద్దరు కుర్రాళ్ళ భుజాలమీద బియ్యం మూటలు. బజారు మూతబడింది. గేటు కాసే కుర్రాళ్ళు ముప్పైమంది దాకా ఉన్నారు. ఇంటింటా బియ్యం, పప్పు పోగుచేశారుగానీ అంత వంట వండే పొయ్యి వీధిలో ఇదొక్కటే.

"మీకు ఇబ్బందయితే వద్దు," అన్నాడాయన బర్మా భాషలో. "ఇబ్బందే అయ్యుంటుంది. మేము వెళ్ళిపోతాం." కదలకుండా నిలబడ్డాడు.

"అమ్మగోర్ని అడగాల," అన్నాడు దాసు.

"అవును, అడగాల," అన్నాడు కన్నారావు.

ఇద్దరూ నది ఉన్న వైపు చూశారు. అమ్ములు కత్తిపీట దగ్గర ఉల్లిపాయలతో కూర్చుని ఉంది. ఆవిడ కూడా ఒకసారి అటు చూసింది. తర్వాత గేటు కాసిన కుర్రాళ్ళ కళ్ళ కింద నలుపు చూసింది.

"ఆ బియ్యం ఇలగెట్టండి," అంది.

అంతమందికి సరిపడే కుండ లేదు గనక అల్యూమినియం డేగిసా ఎక్కించింది. పులుసు మరిగే వేళకి ముగ్గురూ ఉప్పు డబ్బా చుట్టూ నిలబడ్డారు. నేను మెట్లమీద కూర్చుని ఉన్నాను, అంతా చూశాను. దాసు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కన్నారావు చేతులు కట్టుకున్నాడు. అమ్ములు డబ్బా వదిలేసి, అలమార్లోంచి బెల్లం ముక్క తీసి, నూకాలమ్మ పటం ముందు పెట్టి, దీపం సవరించి దణ్ణం పెట్టుకుంది. తిరిగొచ్చి, డేగిసాలో కాస్త ఉప్పు వేసి కలిపి, గరిటెలోంచి ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాకింది.

దాసు గోడ పట్టుకున్నాడు.

"ఇంకొంచెం పడాల," అంది అమ్ములు.

నూకాలమ్మ ఈసారి కూడా ఏమీ అనలేదు. తినగానే కుర్రాళ్ళు మళ్ళీ వెయ్యమన్నారు. ఊ తాన్ మౌంగ్ బాగుందని చెప్పకుండా రెండోసారి పోయించుకున్నాడు. ఆయన్ని ఎరిగినవాళ్ళకి అదెంత మాటో తెలుస్తుంది.

అప్పటినుంచి అమ్ములు అడగడం మానేసింది. తిట్టడం మాత్రం మొదలుపెట్టలేదు. "బాబాయ్, పొగలో నీ కల్లు మండతన్నాయి. బయట కూకుని పప్పేరు" అని దాసుతో అనేది. ముప్పైయేళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి వాకిట్లో కూర్చుని పప్పు ఏరడమంటే అవమానమే. కానీ ఆ మాటలో తిట్టు ఎక్కడా లేకపోవడంతో ఎక్కడ పట్టుకుని దెబ్బలాడాలో ఆయనకి దొరకలేదు. కన్నారావు కంచెకి అన్నాలు మోసుకెళ్ళేవాడు. కుంటకుండా.

తాళం వెయ్యమన్న కబురు మధ్యాహ్నం డేగిసా పొయ్యిమీద ఉండగా వచ్చింది. కన్నారావు వెంటనే తాళంకప్ప తెచ్చాడు. "సూసినావా? అమ్మగోరు మూసీమన్నారు."

అమ్ములు గరిటె ఆపలేదు. "మూసీమన్నారు. కనబడ్డ పని అడక్కుండా సేసీమని గూడా అన్నారు. నాకిక్కడ ముప్పైమంది ఆకలి కనబడతంది. తాలం నాకు కనబడతల్లేదు. నీకు కనబడితే నువ్వేసుకో."

కన్నారావు తాళంకప్పతో తలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. తర్వాత దాన్ని ఉప్పు డబ్బా పక్కన పెట్టి, అన్నం గంప నెత్తికెత్తుకున్నాడు.

సెప్టెంబరులో ఒక పొద్దుటిపూట వెంకటరత్నమ్మగారు ఏదో పడవలో అరటిగెలల మధ్య కూర్చుని, కుండని కడుపుకి హత్తుకుని రేవులో దిగారు. కంచె తర్వాత కంచె, గేటు తర్వాత గేటు. ప్రతిచోటా కుండలో ఏముందని తొంగిచూశారట. మా వీధి గేటు దగ్గర కొత్త కుర్రాడొకడు వెదురుకర్ర అడ్డం పెట్టాడు.

"ఎవరింటికి, అమే?" అన్నాడు, అమ్మా అన్నట్టు.

"డా యదనా హోటలుకి," అన్నారు ఆవిడ. బర్మావాళ్ళు ఆవిణ్ణి అలానే పిలిచేవారు; యదనా అంటే రత్నం, పేరు ముందు పెద్దావిడకి డా, చిన్నావిడకి మ అని చేరుస్తారు.

కుర్రాడు ఆలోచించాడు. "ఆ పేరుతో హోటలు లేదు. ఇక్కడున్నది మ అమ్ములు హోటలు."

ఆ క్షణంలో ఆవిడ మొహం ఎలా ఉందో ఊ తాన్ మౌంగ్ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, అనాడే అడ్డొచ్చింది. పరుగెత్తుకొచ్చి కర్ర తీశానని మాత్రం చెప్పాడు.

హోటల్లో కింద వరసగా కుర్రాళ్ళు తింటున్నారు. చివర్న బంగారయ్య. తలుపు బార్లా తెరిచి ఉంది. ఉప్పు డబ్బా పక్కన తాళంకప్ప ఉంది. డేగిసా పొయ్యిమీద ఉంది. ఆవిడ అన్నీ చూశారు. ఎవర్ని ఏమని తిట్టాలో వరసగా పేర్చుకునే పడవెక్కారని గంగాభవాని చెప్పింది. తిట్టడానికి నోరు తెరిచేలోపు అమ్ములు గుమ్మంలోకి వచ్చింది. ఆవిణ్ణి చూడగానే పాత మనిషయిపోయింది.

"అమ్మగోరూ... పులుసు దించనా?"

వెంకటరత్నమ్మగారు కుండ గోడవార పెట్టి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, వరస చివర బంగారయ్య పక్కన పీట వాల్చుకుని కూర్చున్నారు. ఆవిడ తన హోటల్లో వరసలో కూర్చోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అమ్ములు ఆకేసి వడ్డించింది. ఆవిడ తిమ్మిరి వేళ్ళతో మెల్లిగా కలిపి, మొదటి ముద్ద పెట్టుకున్నారు. రెండోది. మూడోది. మొహంలో ఏమీ తెలియలేదు. బంగారయ్య కూడా నమలడం ఆపి చూస్తున్నాడు.

పులుసు గిన్నె దాసు పక్కన నేలమీద ఉంది. అక్కడ నిలబడ్డ దాసు ఇంక పట్టలేకపోయాడు.

"అమ్మగోరూ, నాను సెప్పకపోతే పాపం. మీరు తాలమెయ్యమంటే ఏసింది గాదు. అల్యూమినియం డేగిసాలో వండింది. నన్ను, నన్ను, వాకిట్లో కూకోబెట్టి పప్పేరమంది. అయన్నీ పోనీండి. అమ్మోరికి బెల్లం ముక్కెట్టీసి, పులుసు అరసేతిలో ఏసుకుని ముందుగాల ఇది నాకినాది! రోజూ నాకతంది! మీ అత్తగోరి కాడినుంచీ ఉన్న కట్టు, ఇది అయిదేల్లు లేదు వచ్చి, మాపీసింది. ఏటంతారో మీరే అనండి."

వెంకటరత్నమ్మగారు ఆకులో మిగిలిన అన్నం ఒక పక్కకి జరిపి, మధ్యలో గుంట చేశారు.

"దాసూ, ఆ పులుసు గిన్ని ఇలగ జరుపు."